చెవికి అందే నాట్యం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చూపు లేనివారికి, ఇతర వైకల్యాలున్నవారికి నృత్య ప్రదర్శనలు ఎలా అందించాలన్న విషయం మీద పోయిన సంచికలో ప్రశ్నలు పంపమన్నాం. చెన్నైలో డిసెంబరు సంగీత నాట్యాల సీజను ముంచుకొస్తోంది. అందుకని వెంటనే పనికొచ్చే ప్రశ్నలకే ఈసారి చోటిచ్చాం.

ప్రశ్న: మా బృందం పారిజాతాపహరణం కథను కూచిపూడి నృత్యనాటకంగా వేస్తోంది. గంటన్నర నిడివి. అంధుల పాఠశాల నుంచి పన్నెండు మంది పిల్లలు వస్తున్నారు. ఒక్కొక్కరి పక్కన ఒక్కో వాలంటీరు కూర్చుని చెబుతూ ఉంటే సరిపోదా?
— నాట్య గురువు, మైలాపూరు

జవాబు: సరిపోదండీ. పన్నెండు మంది గుసగుసలాడితే పన్నెండు రకాల కథలు తయారవుతాయి, చుట్టుపక్కలవాళ్లు ఉష్ ఉష్ అంటారు. మాట్లాడేది ఒక్కరే అయ్యుండాలి, ఆ మాట ఇయర్‌ఫోన్‌లో పిల్లలకు మాత్రమే వినబడాలి. దీనికి ఆడియో వర్ణన అని పేరు. నాటకశాలలో ఇది ఒక పద్ధతిగా స్థిరపడింది 1981లో, అమెరికాలో వాషింగ్టన్ నగరంలోని అరీనా స్టేజ్‌లో. పరికరాల సంగతి కింద ఇంకో జవాబులో ఉంది కాబట్టి ఇక్కడ మాటల సంగతి చూద్దాం. అసలు కష్టం మాటల్లోనే ఉంది.

కూచిపూడిలో పాట ఉంది, దరువు ఉంది, పాత్ర నోటి మాట కూడా ఉంది. పిల్లలకు సగం కథ ఆ సాహిత్యంలోనే అందుతుంది. వర్ణన చెప్పేవారు ఉత్సాహం కొద్దీ పాట మీద మాట్లాడారంటే పాటా పోతుంది, వర్ణనా పోతుంది. కాబట్టి ముందు పాటల ప్రతి దగ్గర పెట్టుకుని ఎక్కడెక్కడ నోరు మూసుకోవాలో గుర్తు పెట్టుకోండి. పల్లవి గానీ చరణం గానీ మొదటిసారి పాడినప్పుడు ఒక్క మాట కూడా వద్దు. అదే పాదాన్ని గాయకులు రెండోసారి, మూడోసారి తిప్పి పాడతారు, అభినయంలో సంచారులు, అంటే అదే పాదాన్ని రకరకాలుగా అభినయించడం, వచ్చేది అప్పుడే. మాట ఎలాగూ విన్నదే కనుక అక్కడ చెప్పవచ్చు. పాట లేకుండా తాళానికే అడుగులు పడే జతుల మీద మాత్రం అస్సలు మాట్లాడకండి. నట్టువాంగం (తాళాలు వాయిస్తూ జతులు చెప్పడం), మృదంగం, గజ్జెలు మూడూ కలిసి వినబడే చోటు అది. చూపు లేని ప్రేక్షకుడు మిగతా అందరితో సమానంగా, కొన్నిసార్లు వాళ్లకంటే బాగా, ఆనందించే చోటు కూడా అదే. జతికి ముందు నాలుగు మాటలు చాలు: "ముగ్గురు చెలికత్తెలు, ఒకే వరుస, ముందుకు వస్తున్నారు." తర్వాత జతిని ముగించే ముక్తాయింపు పడేదాకా మౌనం.

ఇక ఏం చెప్పాలి? భామ అలక ఘట్టం తీసుకుందాం. కొత్తవాళ్లు రాసే ప్రతి ఇలా ఉంటుంది: "సత్యభామ చాలా కోపంగా ఉంది. కృష్ణుడు ఆమెను బతిమాలుతున్నాడు. అద్భుతమైన అభినయం." ఇందులో కంటికి కనిపించేది ఒక్కటీ లేదు. కోపం, బతిమాలడం పాటలో ఎలాగూ ఉన్నాయి. అద్భుతమో కాదో పిల్లలు తేల్చుకుంటారు. ఇలా చెప్పి చూడండి: "భామ మంచం మీద, మొహం అటు తిప్పుకుని. కృష్ణుడు వెనక నుంచి వచ్చి పాదాల దగ్గర కూర్చున్నాడు. కిరీటం వంచాడు. ఎడమ కాలు లేపింది." అక్కడితో ఆపేయండి. తన్ను పడగానే గజ్జె మోగుతుంది, హాలు గొల్లుమంటుంది. కాలు లేపిందన్న మాట ఒక్క అక్షరకాలం ముందు అందితే పిల్లలూ అందరితో కలిసి నవ్వుతారు. హాలు నవ్విన తర్వాత "తన్నింది" అని చెబితే అది నిన్నటి పేపరు. వర్ణనలో ఎక్కువగా దెబ్బతినేది ఈ సమయమే. అందుకని ప్రతిలో ప్రతి వాక్యం పక్కనా అది ఏ పాదం దగ్గర, ఏ తాళపు దెబ్బకు మొదలవ్వాలో రాసుకోండి.

హస్తాల, అంటే చేతి ముద్రల, పేర్లు చెప్పవద్దు. "పతాకం పట్టింది" అంటే నాట్యం నేర్చినవారికి తప్ప ఎవరికీ బోధపడదు. మబ్బు చూపిస్తే మబ్బు అనండి, తుమ్మెద అయితే తుమ్మెద అనండి. వాడుకలో స్థిరపడిన ముద్రకు అర్థం చెబితే చాలు, మీరు కొత్తగా కూర్చిన కదలికకు మాత్రం ఆకారం చెప్పాలి. రంగులు తప్పకుండా చెప్పండి. పుట్టుకతో చూపు లేనివారికి రంగులెందుకు అని కొందరంటారు గానీ, పెళ్లిచీర ఎరుపనీ పసుపు మంగళకరమనీ వాళ్లకూ తెలుసు. ఎడమ, కుడి ప్రేక్షకుల వైపు నుంచే, మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరు.

తెలుగు మాటలు పొడవు. నిమిషానికి నలభై, యాభై దాటితే వినేవారికి ఊపిరాడదు. వేషాలు, నగలు, రంగస్థలం కొలతలు, ఎవరు ఏ పాత్ర అన్నవన్నీ తెర లేవడానికి పావుగంట ముందే ఇయర్‌ఫోన్‌లో చెప్పేయాలి. జడ సంగతి ఈ ముందుమాటలోనే రావాలి. భామ ప్రవేశంలో ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా జడ ఇవతలికి పడినప్పుడు హాలంతా చప్పట్లు కొడుతుంది. ఆ జడలో సూర్యుడు, చంద్రుడు, నాగపడగ ఉన్నాయని అప్పుడు మొదలుపెడితే చప్పట్ల హోరులో ఎవరికీ వినబడదు. ముందే చెప్పి ఉంటే "తెర మీదుగా జడ" అన్న మూడు మాటలు చాలు.

ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ప్రతి పూర్తయ్యాక చూపు లేని పెద్దవారు ఒకరికి, తగిన పారితోషికమిచ్చి, రిహార్సల్ ధ్వనితో పాటు వినిపించండి. మీరు కళ్లు మూసుకుని విని బాగుందనుకోవడం దీనికి బదులు కాదు. నాటకం మీకు ముందే కంఠతా వచ్చు కదా.

ప్రశ్న: పిల్లలు నగలూ గజ్జెలూ ముట్టుకుని చూస్తామంటున్నారు. ప్రదర్శన రోజు గ్రీన్‌రూములో తొక్కిసలాటే. ఎలా కుదురుతుంది?
— అదే బృందంలో ఆహార్యం (వేషాలు, నగలు) చూసేవారు

జవాబు: గ్రీన్‌రూములో వద్దు, రంగస్థలం మీదే పెట్టండి. తెర లేవడానికి గంటన్నర ముందు మొదలుపెట్టి అరగంటలో ముగించేస్తే నర్తకుల వార్మప్‌కు అడ్డు రాదు. ఆరుగురు చొప్పున రెండు జట్లు. ఒక జట్టు బల్ల దగ్గర ఉంటే ఇంకోటి వేదిక మీద నడుస్తుంది. బల్ల మీద నాలుగైదు వస్తువులు చాలు: గజ్జెలు, భామ జడ, కృష్ణుడి కిరీటం, నడుముకు కట్టే మడతల విసనకర్ర, తరంగానికి (పళ్లెం అంచు మీద నిలబడి ఆడే నాట్యానికి) వాడే ఇత్తడి తాంబాళం ఉంటే అది. పూజలో పెట్టిన గజ్జెలు ఇతరులు తాకకూడదని చాలామంది గురువుల నియమం. దానికి వాదన అక్కర్లేదు, పాతజత ఒకటి విడిగా ఉంచండి. తాంబాళం అంచు మీద కాలివేళ్లు ఎక్కడ బిగుస్తాయో పిల్లలే ఎక్కి నిలబడి చూడవచ్చు, రెండు వైపులా ఇద్దరు పట్టుకుంటే.

వేదిక మీద చెప్పులు విప్పించి ఈ చివర నుంచి ఆ చివరకు అడుగులు లెక్కపెట్టిస్తూ నడిపించండి. అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు) నిలబడిన నర్తకి భుజం నుంచి మణికట్టు దాకా చేత్తో పోల్చుకోనివ్వండి. ఎక్కడ తాకవచ్చో నర్తకి తనే ముందు చెప్పాలి, పిల్లలను కూడా అడిగాకే చెయ్యి పట్టుకోవాలి. మేకప్ వేసుకున్న మొహం వద్దు.

ప్రశ్న: మా అత్తగారికి గ్లకోమా. చూపు చాలావరకు పోయింది. బెంగళూరులో ఒక విదేశీ బృందం "జిజెల్" బ్యాలే వేస్తోందని తీసుకెళ్దామనుకుంటున్నాం. అక్కడ ఆడియో వర్ణన లేదట. ఆవిడకు ఆ నాట్యం కొత్త. నేనేం చేయగలను?
— పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: ముందు సీటు సంగతి. గ్లకోమాలో సాధారణంగా చుట్టుపక్కల చూపు ముందు పోయి, మధ్యలో గొట్టంలోంచి చూసినట్టు కొంత మిగులుతుంది. అలాంటివారిని ప్రేమకొద్దీ మొదటి వరుసలో కూర్చోబెడితే ఒక్క నర్తకి నడుము తప్ప ఏమీ కనిపించదు. వెనక్కి, హాలు మధ్యకు వెళ్లండి, ఆ కాస్త చూపులో వేదిక మొత్తం ఇముడుతుంది. మచ్చలాగా మధ్య చూపు పోయే మాక్యులా జబ్బువారికి దీనికి సరిగ్గా వ్యతిరేకం, వాళ్లు ముందుకు రావాలి. ఇంకొకటి, గ్లకోమావారికి చీకట్లో మెట్లు కనబడవు. లైట్లు తగ్గించకముందే కూర్చోబెట్టండి. ఆవిడే మీ మోచేతికి కాస్త పైన పట్టుకుని అరడుగు వెనకగా నడుస్తారు, మీరు ఆవిడ చెయ్యి పట్టుకుని లాగవద్దు. మెట్టు పైకా కిందికా అన్నది నోటితో చెప్పండి.

బ్యాలేలో పాట లేదు, మాట లేదు. వాద్యబృందమూ బూట్ల చప్పుడూ తప్ప చెవికి ఆధారం లేదు. అందుకే కథ ఇంటి దగ్గరే చెప్పేయాలి. 1841లో పారిస్‌లో మొదటిసారి ఆడిన కథ ఇది. జిజెల్ అనే పల్లెపిల్లను ఆల్బ్రెక్ట్ అనే ప్రభువు మారువేషంలో వచ్చి ప్రేమిస్తాడు. అతడికి వేరే పెళ్లి కుదిరి ఉందని తెలిసి ఆ పిల్ల మతిచెదిరి చనిపోతుంది. రెండో అంకం అడవిలో, సమాధి దగ్గర. పెళ్లికి ముందే చనిపోయిన కన్యల ఆత్మలు, విలీలు, రాత్రిపూట దొరికిన మగవాణ్ణి చచ్చేదాకా ఆడిస్తారు. జిజెల్ ఆత్మ తెల్లవారేదాకా అతణ్ణి కాపాడుతుంది. చర్చి గంట వినబడితే తెల్లవారినట్టే. ఆ గంట కోసం చెవి పెట్టుకుని ఉండమనండి.

బ్యాలేలోనూ స్థిరపడ్డ సైగలున్నాయి. మన హస్తాలు తెలిసి ఉంటే ఆవిడకు ఇట్టే పట్టుబడతాయి. తల పైన రెండు చేతులూ ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే నాట్యం. పిడికిళ్లు బిగించి మణికట్ల దగ్గర కత్తెరలా వేసి కిందికి దించితే చావు. ఉంగరపు వేలు చూపిస్తే పెళ్లి. రెండు వేళ్లు పైకెత్తితే ఒట్టు. ఆవిడ చేతులతోనే ఒకసారి చేయించండి. మునివేళ్ల నాట్యం అర్థం కావాలంటే వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తి నిలబడమనండి, నర్తకి అంతకన్నా పైకి, వేళ్ల కొసల మీదికి లేస్తుందని చెప్పండి. ఆ బూటు ముందుభాగంలో ఇనుమూ కొయ్యా ఉండవు. గుడ్డపొరలు, జిగురు కలిపి గట్టిపరిచిన గుల్ల అది. పెద్ద పాత్రలు వేసేవారికి ఒక్క ప్రదర్శనలోనే ఒక జత మెత్తబడిపోవచ్చు.

హాల్లో గుసగుసలొద్దు. ఆవిడ అరచేతిలో చెప్పండి. ఇంటి దగ్గరే నాలుగు గుర్తులు అనుకోండి: ఒక తట్టు ఒకరు వచ్చారు, రెండు తట్లు జంట, వేలితో సున్నా చుడితే గిరగిరా తిరుగుతోంది, అరచెయ్యి అంతా నిమిరితే గుంపు. రెండో అంకంలో విలీలు వరుసలుగా, ఒక కాలు వెనక్కి చాచి గెంతుతూ వేదికను దాటుతారు. ఆ అడుగుల చప్పుడు ఆవిడకు వినబడుతుంది, అప్పుడు చెయ్యి కదపకండి. ఎప్పుడైనా "స్వాన్ లేక్" అనే బ్యాలే చూపిస్తే వేలి గుర్తు ఇంకా బాగా పనికొస్తుంది. 1895 నాటి రష్యాలోని పీటర్స్‌బర్గ్ రూపం నుంచి వస్తున్న ఆనవాయితీగా అందులో నల్లహంస ఒంటికాలి మీద 32 చుట్లు వరసగా తిరుగుతుంది. అరచేతిలో చుట్టుకొక గీత గీస్తే హాలు చప్పట్లు ఎందుకు ఎక్కువవుతున్నాయో తెలుస్తుంది.

ఆవిడకు కూచిపూడో భరతనాట్యమో ఇష్టమైతే ఇంకో ముచ్చట చెప్పండి: చెన్నైలో కళాక్షేత్ర నాట్య సంస్థను స్థాపించిన రుక్మిణీదేవి భరతనాట్యానికి ముందు రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా ప్రోత్సాహంతో బ్యాలే నేర్చుకున్నారు.

ప్రశ్న: మా సభ హాలులో ఆడియో వర్ణన పెట్టాలంటే ఏ పరికరాలు కావాలి? ఫోన్‌లో యాప్‌తో అయిపోతుందంటున్నారు, నిజమేనా?
— సభ కార్యదర్శి, టి.నగర్

జవాబు: ఖాళీ హాలులో అయిపోతుంది, నిండిన హాలులో తేలిపోతుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మనుషుల ఒళ్లు, అంటే ఒంట్లోని నీరు, బాగా పీల్చేస్తుంది. పైగా వందల ఫోన్లు అదే గాలిలో పోట్లాడుతుంటాయి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే మాట మరో పదోవంతు నుంచి మూడు పదోవంతుల సెకను దాకా ఆలస్యం. భామ తన్ను ముందూ నవ్వు ముందూ, మాట వెనకా అవుతుంది.

కాన్ఫరెన్సుల్లో అనువాదం వినిపించడానికి వాడే వైర్‌లెస్ టూర్‌గైడ్ సెట్లు అద్దెకు దొరుకుతాయి. ఒక ట్రాన్స్‌మిటర్, తలకు తగిలించుకునే మైకు ఒకటి, ఇరవై మంది వస్తారంటే రిసీవర్లు ఇరవై నాలుగు. ఇయర్‌ఫోన్ ఒక చెవికే ఉండాలి, రెండో చెవి నాట్యానిది. రెండు చెవులూ మూసే హెడ్‌ఫోన్లు ఇస్తే ఇంట్లో రేడియో విన్నట్టే. ట్రాన్స్‌మిటరును బల్ల మీద కాకుండా తలల కంటే ఎత్తులో కట్టండి. గాయకుల, నట్టువనారు కార్డ్‌లెస్ మైకులు ఏ ఫ్రీక్వెన్సీల మీద ఉన్నాయో సౌండువాళ్లను అడిగి, అవన్నీ ఆన్ చేసి ఉంచి పరీక్షించండి. విడివిడిగా పరీక్షిస్తే అన్నీ బాగానే ఉంటాయి, కలిపి పెట్టినప్పుడే బరబర మొదలవుతుంది.

వర్ణన చెప్పేవారికి అద్దాల గది లేకపోతే చివరి వరుసలో కూర్చోబెట్టకండి, అందరికీ వినబడుతుంది. పక్క గదిలో టీవీ పెట్టి హాలు మధ్య నుంచి కెమెరా కేబులుతో చూపించండి. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. వీడియో తీసేవారి కెమెరా నుంచే లైను లాగేస్తారు. వాళ్లు అభినయం కోసం మొహం మీదికి జూమ్ చేస్తారు, వెనక కృష్ణుడు ఎప్పుడు వచ్చాడో టీవీలో కనిపించదు. కదలకుండా, వేదిక ఈ చివర నుంచి ఆ చివర దాకా పాదాలతో సహా కనిపించే కెమెరా ఒకటి విడిగా కావాలి. గదిలోకి పాట సౌండు మిక్సర్ నుంచి రావాలి.

రిసీవర్ వాల్యూమ్ చక్రం మీద చేతికి తగిలే చుక్క ఒకటి అంటించండి. ఇయర్‌ఫోన్ స్పాంజీలు మనిషికొకటి కొత్తవి. అందరినీ ఒకే వరుసలో కుప్పపోయకండి, ఎవరి ఇంటివాళ్లతో వాళ్లు కూర్చుంటారు. ఇదంతా దయతో చేసే పనని మీ కమిటీలో ఎవరైనా అంటే, వైకల్యం ఉన్నవారి హక్కుల చట్టం, 2016లోని 29వ సెక్షను చూపించండి. కళలను వారికి అందుబాటులోకి తేవాలని ప్రభుత్వాల బాధ్యతల్లో రాసి ఉంది.

ప్రశ్న: మా అన్నయ్య చక్రాల కుర్చీలో ఉంటాడు. ప్రతి సభలోనూ మర్యాదగా మొదటి వరుస ముందు పెడుతున్నారు. నాట్యంలో కాళ్లే కనబడటం లేదంటాడు. ఏమని అడగాలి?
— పాఠకుడు, అంబత్తూరు

జవాబు: ఆయనన్నది అక్షరాలా నిజం. కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి సుమారు 115 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. వేదిక నాలుగడుగులుంటే 122 సెంటీమీటర్లు. కంటి మట్టం కంటే వేదికే ఎత్తు, ఇక పాదాలు కనబడే మార్గమేది? చదును నేల మీద వెనక్కి జరిగినా లాభం లేదు. నేల వాలుగా లేచే హాళ్లలో, తలుపుల మట్టంలో, వరుసల మధ్య అడ్డంగా పోయే నడవ పక్కన చోటు అడగండి. అక్కడ వరుస చివర రెండు సీట్లు తీసేస్తే 90 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. కుర్చీకి 120 లోతు కావాలి, అది ఆ నడవ పక్కనే దొరుకుతుంది. పక్కన మీకో సీటు కూడా ఉండాలి, లేకపోతే ఆయన ఒక మూల, మీరొక మూల.

ఆయనకు వేదిక ఎక్కి సన్మానం అందుకునే అవకాశం వస్తే ఇంకో లెక్క. ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి. మూడడుగుల వేదికకు ముప్ఫై ఆరడుగుల ర్యాంపు, మధ్యలో ఒక చదును. మెట్ల మీద పలక పరిచి నలుగురు పట్టుకుంటామంటే ఒప్పుకోకండి.

ప్రశ్న: వినికిడి లేనివారికి నాట్యం కనబడుతుంది కదా, వాళ్లకు ప్రత్యేకంగా ఏమైనా కావాలా?
— నాట్య విద్యార్థిని, అడయారు

జవాబు: సాహిత్యం కావాలి. వేదిక పక్క తెర మీద పాట పాదం, దాని కింద ఒక్క వాక్యంలో భావం. పాదం మారినప్పుడే అక్షరాలు మారాలి. భారతీయ సంకేతభాషలో చెప్పేవారిని పెడితే వేదిక అంచున విడిగా లైటు వేసి నిలబెట్టండి, వినికిడి లేనివారి సీట్లు అదే వైపు ఇవ్వండి. లైటింగువాళ్లు హాలంతా చీకటి చేసినప్పుడు ఆ లైటు కూడా ఆర్పేస్తుంటారు, ముందే హెచ్చరించండి. చెక్కనేల హాలైతే ముందు వరుసలో అడుగుల అదురు కాళ్లకు తెలుస్తుంది.

ప్రశ్న: మా ఏడేళ్ల బాబుకు ఆటిజం. నాట్యమంటే ప్రాణం. నట్టువాంగం తాళాల మోతకు చెవులు మూసుకుని లేచిపోతాడు.
— తల్లి, పెరంబూరు

జవాబు: తాళాల మోత స్పీకర్లలో వచ్చినప్పుడు చెవిలో గుచ్చుకుంటుంది. స్పీకర్లకు ఎదురుగా కాకుండా, తలుపు దగ్గర, వరుస చివర కూర్చోండి. చెవులకు పెట్టే ఇయర్‌మఫ్‌లు ఇంట్లో ముందే అలవాటు చేయండి. నిర్వాహకులను మూడు సంగతులు అడగండి: హాలు లైట్లు పూర్తిగా ఆర్పకుండా పావువంతు ఉంచడం, మధ్యలో లేచి తిరిగితే ఎవరూ అదిలించకపోవడం, మెరుపుల లైట్లు వాడకపోవడం. మెరుపుల లైట్లు మూర్ఛ ఉన్నవారికీ ప్రమాదమే. ఏ క్రమంలో ఏం వస్తుందో ఫొటోలతో ఒక పేజీ చేసి వారం ముందు నుంచి బాబుకు చూపించండి. రిహార్సల్‌కు రానిస్తే అది ఇంకా మంచిది.

ప్రశ్న: కరపత్రం వాట్సాప్‌లో పంపితే చూపు లేని మిత్రులు "ఇది చదవడం లేదు" అంటున్నారు. తెలుగులోనే వేశాం కదా?
— కరపత్రాలు తయారుచేసేవారు, కోడంబాక్కం

జవాబు: ఫొటోగా పంపి ఉంటారు, లేదా అచ్చుపనికి వాడే "అను" ఫాంట్లలో టైపు చేసి ఉంటారు. అను ఫాంట్లలో కనిపించేది తెలుగే గానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫోన్‌లో చదివి వినిపించే టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ వాటిని పిచ్చిగీతల్లా చదువుతాయి. అచ్చుకు అను ఉంచుకోండి, వాట్సాప్‌కు అదే విషయాన్ని యూనికోడ్‌లో మామూలు సందేశంగా టైపు చేయండి. తేదీ, సమయం, హాలు, ఏ గేటు, బస్సు దిగాక ఎటు, ఇయర్‌ఫోన్లు ఎక్కడ ఇస్తారు, ఎన్నింటికి రావాలి. "జ్యోతి ప్రజ్వలన చేయువారు" జాబితా చివర్లో పెట్టండి, అది విని విని అసలు సమాచారం చేరేలోపు చాలామంది సందేశం మూసేస్తారు. సీట్ల బొమ్మ చూసి టికెట్ ఎంచుకోమంటే వాళ్లకు కుదరదు కాబట్టి, ఫోన్‌లో సీటు రాసుకునే మనిషి ఒకరు ఉండాలి. ఆ నంబరు ప్రదర్శన రోజు తెర లేచేదాకా ఎత్తాలి, గేటు దగ్గర దారి తప్పినవారు చేసేది దానికే.